బ్యాడ్జి చూసేది, చూడనిది: క్యాన్సర్ చికిత్సా సిబ్బందిపై రేడియేషన్ నిఘా - ఒక సమీక్ష

జనం నోట 'కరెంటు పెట్టడం'గా స్థిరపడిన రేడియేషన్ చికిత్స కోసం వరంగల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల క్యాన్సర్ రోగులు దశాబ్దాల పాటు ప్రధానంగా హైదరాబాదు మీదే ఆధారపడ్డారు. 1955లో ఏర్పడి, మెహదీ నవాజ్ జంగ్ పేరుతో నడుస్తున్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వారికి పెద్ద దిక్కుగా ఉండేది. వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959లోనే మొదలై, దానికి అనుబంధంగా ఎంజీఎం ఆసుపత్రి ఉత్తర తెలంగాణ మొత్తానికీ పెద్దాసుపత్రిగా ఎదిగినా, రేడియేషన్ చికిత్సకు కావలసిన మందపాటి కాంక్రీటు గదులు, ఖరీదైన యంత్రాలు, వాటిని నడిపే ఫిజిసిస్టులు మాత్రం రాజధానిలోనే కేంద్రీకృతమై ఉండిపోయారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలై, క్యాన్సర్ చికిత్సల ఖర్చును ప్రభుత్వం భరించడంతో జిల్లా కేంద్రాల్లో కూడా ఈ యంత్రాలకు గిరాకీ ఏర్పడింది. వరంగల్ పాత కేంద్ర కారాగారం స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021లో శంకుస్థాపన జరగడం వైద్యాన్ని రాజధాని వెలుపలికి తరలించే ఈ క్రమంలో మరో మెట్టు.

యంత్రం వచ్చిన చోటికి దానితో పనిచేసే మనుషులు కూడా వస్తారు. రోగికి ఎంత మోతాదు ఇవ్వాలన్నది నూరేళ్లకు పైగా శాస్త్రజ్ఞులు తలమునకలై లెక్కగట్టిన విషయం కాగా, ఆ మోతాదు ఇస్తున్న టెక్నాలజిస్టుకు, రోగిని బల్ల మీదికి చేర్చే ఆయాకు, పక్కనే నిలబడే నర్సుకు ఎంత సోకుతోందన్న ప్రశ్న వెనుకబడి నడిచింది. పైగా ఈ చర్చలో మూడు వేర్వేరు తగవులు ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయాయి: శరీరంలో ఏ భాగానికి తగిలిన మోతాదును కొలవాలి, ఏ పరికరంతో కొలవాలి, ఎవరెవరిని కొలత పరిధిలోకి తేవాలి. మొదటి రెండింటి మీద గ్రంథాలు పేరుకుపోగా, మూడోదాని మీద మాట్లాడినవారు తక్కువ. జిల్లా ఆసుపత్రుల దృష్టితో చూస్తే అసలు చిక్కు అక్కడే ఉందన్నది ఈ సమీక్ష అభిప్రాయం.

చర్మం కమిలే మోతాదు నుంచి మిల్లీసీవర్ట్ వరకు

రాంట్‌జన్ 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్న పదేళ్లలోపే వాటి వల్ల తొలి మరణాలు నమోదయ్యాయి. థామస్ ఎడిసన్ ప్రయోగశాలలో ఎక్స్ కిరణ గొట్టాలతో పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులకు క్యాన్సర్ సోకి 1904లో మరణించాడు. జర్మనీలోని హాంబర్గ్‌లో 1936లో నెలకొల్పిన స్మారక స్తంభం మీద ఇలా ప్రాణాలు కోల్పోయిన వైద్యులు, భౌతికశాస్త్రజ్ఞులు, నర్సుల పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ కాలంలో కొలత అంటే చర్మం ఎర్రబడడమే. 1925లో మట్‌షెలర్ అనే శాస్త్రజ్ఞుడు, చర్మం కమలడానికి కావలసిన మోతాదులో నూరో వంతు నెల రోజుల్లో తగిలితే మనిషి ఓర్చుకోగలడని ప్రతిపాదించాడు. 1928లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ రేడియాలజీ మహాసభలో, నేడు ఐసీఆర్‌పీగా పిలిచే రేడియేషన్ రక్షణ అంతర్జాతీయ సంఘానికి పునాది పడింది.

అక్కడి నుంచి హద్దు దిగుతూనే వచ్చింది. 1934లో రోజుకు 0.2 రాంట్‌జన్ వరకు ఫరవాలేదన్నారు. ఏడాది పనిదినాలకు లెక్కగడితే అది నేటి హద్దుకు దాదాపు పాతిక రెట్లు. 1950లో దాన్ని వారానికి 0.3కు తగ్గించారు; ఆ దశాబ్దం ముగిసేలోగా ఏడాదికి, ఇప్పటి ప్రమాణంలో చెప్పాలంటే, 50 మిల్లీసీవర్ట్‌ల దగ్గర నిలిపారు. సీవర్ట్ అంటే శరీరం గ్రహించిన శక్తిని, అది కలిగించగల హానికి తగినట్లు సవరించి చెప్పే ప్రమాణం. అందులో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్. హిరోషిమా, నాగసాకి బాధితుల ఆరోగ్య వివరాలు దీర్ఘకాలం పరిశీలించాక 1990లో ఐసీఆర్‌పీ ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌లను సూచించింది. భారతదేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, ఈ విషయంలో అంతర్జాతీయ సూచన కన్నా కొంత కఠినంగా వ్యవహరించింది. ఐదేళ్ల సగటు 20కి మించరాదన్న నియమం రెండింటికీ సమానమే అయినా, ఏ ఒక్క ఏడాదిలోనైనా 50 వరకు ఐసీఆర్‌పీ అనుమతిస్తే, ఏఈఆర్‌బీ 30 దగ్గరే గీత గీసింది. గర్భం దాల్చినట్లు తెలియజేసిన ఉద్యోగిని విషయంలో గర్భస్థ శిశువుకు చేరే మోతాదు ఆపై 1 మిల్లీసీవర్ట్ దాటకూడదు.

ఈ హద్దులు దిగడం వల్లనే రక్షణ పెరిగిందనుకోవడం సగం నిజం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియం గొట్టాలను చేత్తో అమర్చిన రోజుల్లో, రోగి మంచం మీద ఉన్నన్ని గంటలూ ఆమెకు సేవ చేసే నర్సు కూడా ఆ కిరణాల దారిలోనే ఉండేది. ముందుగా ఖాళీ గొట్టాలను శరీరంలో అమర్చి, అందరూ గది దాటాక యంత్రమే తీగ ద్వారా రేడియోధార్మిక మూలకాన్ని లోపలికి పంపే పద్ధతి వచ్చాక ఆ మోతాదు ఒక్కసారిగా పడిపోయింది. నియమావళి కన్నా తీగ ఎక్కువ మేలు చేసిందనవచ్చు.

మూడు బిళ్లలు, మూడు నెలలు

సిబ్బందికి సోకే మోతాదును కొలవడానికి భారతదేశంలో మొదట ఫిలిం బ్యాడ్జిలు ఉండేవి. 1970ల నుంచి వాటి స్థానంలోకి టీఎల్‌డీ బ్యాడ్జి వచ్చింది. అందులో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు మూడు, ఒక సన్నని అల్యూమినియం పలక మీద ఉంటాయి. రేడియేషన్ తగిలినప్పుడు ఆ స్ఫటికంలో శక్తి చిక్కుకొని నిలిచిపోతుంది. తరువాత ప్రయోగశాలలో వేడి చేసినప్పుడు అది వెలుగుగా బయటికి వస్తుంది. ఆ వెలుగును కొలిస్తే మోతాదు తెలుస్తుంది. ఒక బిళ్ల ముందు లోహపు పొర, మరొకదాని ముందు ప్లాస్టిక్ పొర, మూడోదాని ముందు ఖాళీ ఉండడం వల్ల, తగిలింది చొచ్చుకుపోయే గామా కిరణమా, చర్మం దగ్గరే ఆగే బీటా కిరణమా అన్నది మూడు కొలతల తేడాను బట్టి అంచనా వేస్తారు.

ఈ బ్యాడ్జిని ఛాతీ దగ్గర ధరించాలి. మూడు నెలలకోసారి ఆసుపత్రి వాటన్నిటినీ కట్టగట్టి, భాభా అణు పరిశోధన కేంద్రం గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపుతుంది. ఫలితాలు ఆ కేంద్రంలోని జాతీయ వృత్తి మోతాదుల రిజిస్టరులో చేరతాయి. ఉద్యోగి ఆసుపత్రి మారినా వ్యక్తిగత సంఖ్య మారదు కాబట్టి, సిద్ధాంతరీత్యా ఒక మనిషి జీవితకాలపు మోతాదంతా ఒకే చోట కనిపించాలి. ఒక త్రైమాసికంలో 10 మిల్లీసీవర్ట్‌లు దాటితే విచారణ జరుగుతుంది. 2004 నాటి అణుశక్తి రేడియేషన్ రక్షణ నియమాల ప్రకారం ఈ వ్యవహారమంతా చూసుకునే బాధ్యత ఆసుపత్రి యాజమాన్యంతోపాటు రేడియేషన్ భద్రతాధికారి మీద ఉంటుంది. రేడియోథెరపీ విభాగాల్లో సాధారణంగా మెడికల్ ఫిజిసిస్టే ఆ అధికారి.

ప్రతి కట్టలోనూ ఎవరూ ధరించని ఒక నియంత్రణ బ్యాడ్జి ఉంటుంది. రేడియేషన్ లేని చోట దాన్ని భద్రపరిస్తే, అది ప్రకృతిలో సహజంగా ఉండే మోతాదును నమోదు చేస్తుంది. ఉద్యోగుల కొలతల్లోంచి దాన్ని తీసివేస్తారు. ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌ల సహజ రేడియేషన్ సోకుతుందని ఐక్యరాజ్యసమితి శాస్త్ర సంఘం అంచనా. వరంగల్ వంటి గ్రానైటు నేలల్లో యురేనియం, థోరియం, పొటాషియం జాడలు రాతిలోనే ఉంటాయి కాబట్టి, ఆ బ్యాడ్జిని ఏ గదిలో ఉంచారన్నది చిన్న విషయంగా కనిపించినా, అతి స్వల్ప మోతాదులను లెక్కించేటప్పుడు దాన్ని పట్టించుకోక తప్పదు. దాన్ని పొరపాటున చికిత్సా విభాగంలోని అలమారలోనే ఉంచితే, అందరి మోతాదులూ ఉన్నదాని కన్నా తక్కువగా తేలతాయి.

ఎవరి వాదన ఏమిటి

ఈ ఏర్పాటు చాలునన్నది మొదటి పక్షం. ఏఈఆర్‌బీ నివేదికల్లో వైద్యరంగ ఉద్యోగుల సగటు వార్షిక మోతాదు 1 మిల్లీసీవర్ట్ కన్నా తక్కువగానే నమోదవుతూ ఉంది. అందులోనూ లీనియర్ యాక్సిలరేటర్ దగ్గర పనిచేసేవారి మోతాదు బహుస్వల్పం. రోగి ఉన్న గదికి మీటరుకు మించిన మందంతో కాంక్రీటు గోడలు, మెలిక తిరిగిన దారి, తలుపు తెరిస్తే కిరణం ఆగిపోయే ఏర్పాటు ఉన్నప్పుడు, బయట తెర ముందు కూర్చున్న టెక్నాలజిస్టుకు చేరేది దాదాపు ఏమీ లేదు. ఇంతకు మించిన నిఘాకు పెట్టే డబ్బును రోగుల సేవకు మళ్లించడం మేలని ఈ పక్షం భావిస్తుంది. హద్దు లోపలి స్వల్ప మోతాదుల హానిని అతిగా ఊహిస్తున్నారని, మోతాదుతో పాటు ప్రమాదం సరళరేఖలా పెరుగుతుందన్న సూత్రానికి తగిన ఆధారం లేదని 2005లో ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీ ఇచ్చిన నివేదిక వీరికి బలం.

రెండో పక్షం ఆ సూత్రాన్నే పట్టుకుంటుంది. ఫ్రాన్సు, బ్రిటన్, అమెరికా అణు కర్మాగారాల్లోని మూడు లక్షలకు పైగా ఉద్యోగుల వివరాలతో 2023లో వెలువడిన అధ్యయనం, స్వల్ప మోతాదులు కొద్దికొద్దిగా పోగుపడినా క్యాన్సర్ మరణాలు మోతాదుకు అనుగుణంగా పెరుగుతున్నాయని చూపింది. బ్రిటిష్ రేడియాలజిస్టుల నూరేళ్ల మరణ వివరాలను పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనం మాత్రం, తొలి తరాల వైద్యుల్లో కనిపించిన అధిక క్యాన్సర్ మరణాలు 1950ల మధ్య తరువాత వృత్తిలో చేరినవారిలో కనిపించలేదని తేల్చింది. ఈ రెండు అధ్యయనాలూ పరస్పరం కొట్టివేసుకునేవి కావు: మొదటిది ప్రమాదపు వాలును చెబుతుంటే, రెండోది రక్షణ పెరిగాక ఆ వాలు మీద మనిషి నిలిచిన చోటు మారిందని చెబుతుంది. సరళరేఖ తగవు తేలితే తప్ప నిఘా గురించి నిర్ణయం కుదరదన్న ధోరణి ఈ చర్చకు కలిగించిన నష్టమే ఎక్కువ, ఎందుకంటే ఏ పక్షం గెలిచినా ముందుగా కావలసింది సరైన కొలత.

మూడో పక్షం పరికరం మీద దృష్టి పెడుతుంది. మూడు నెలల తరువాత తెలిసే మోతాదు చరిత్రే తప్ప హెచ్చరిక కాదని, అప్పటికప్పుడు అంకె చూపి, మోత మోగించే ఎలక్ట్రానిక్ డోసీమీటరు కావాలని వీరి వాదన. వేడికి బదులు కాంతితో చదివే అల్యూమినియం ఆక్సైడ్ బ్యాడ్జిలు కొన్ని దేశాల్లో వాడుకలో ఉన్నాయి; టీఎల్‌డీ బిళ్లను ఒకసారి వేడి చేస్తే నిలువ ఉన్న సమాచారం చెరిగిపోతుంది కాగా, వీటిని మళ్లీ చదవవచ్చు. హైదరాబాదులోని ఈసీఐఎల్ వంటి సంస్థలు రేడియేషన్ కొలిచే పరికరాలను దేశంలోనే తయారు చేస్తున్నందున, సాంకేతికత దూరాన ఉందన్న సాకు తెలుగు ప్రాంతానికి చెల్లదు.

అయితే మోగే పరికరం ఒక్కటే చాలదనడానికి 1992 నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం ఇండియానా పట్టణంలో జరిగిన ప్రమాదమే సాక్ష్యం. అక్కడి క్యాన్సర్ కేంద్రంలో చికిత్స పొందిన వృద్ధురాలి శరీరంలో ఇరిడియం మూలకం తీగ నుంచి తెగి ఉండిపోయింది. గోడ మీది హెచ్చరిక దీపం వెలిగింది. నియంత్రణ తెర మాత్రం అంతా క్షేమమని చూపింది. సిబ్బంది తెరను నమ్మి, దీపమే చెడిపోయిందనుకొని, చేతి మీటరుతో గదిని పరిశీలించకుండానే ఆమెను వృద్ధాశ్రమానికి పంపారు. కొన్ని రోజులకే ఆమె మరణించింది. తొంభైకి పైగా మందికి రేడియేషన్ సోకింది. ఆ మూలకం చేరిన చెత్త బండి మరో చోట అలారం మోగించాక గానీ విషయం బయటపడలేదు. ఇక్కడ పరికరం లేకపోలేదు, అది చెప్పిన మాటను వినే అలవాటు లేకపోయింది. మూడో పక్షం దీన్ని తమ వాదానికి ఉదాహరణగా వాడుకుంటుంది కానీ, ఈ ప్రమాదం నిజానికి శిక్షణే ముఖ్యమనే నాలుగో పక్షానికి దగ్గరగా ఉంది.

సగటు చాటున మిగిలిపోయేవారు

క్యాన్సర్ చికిత్స అన్నది ఒకే పని కాదు. యాక్సిలరేటరు గదిలో మోతాదు గోడలను బట్టి ఉంటుంది. వ్యక్తి నైపుణ్యంతో దానికి సంబంధం తక్కువ. కోబాల్ట్-60 యంత్రంలో మాత్రం మూలకం ఎప్పుడూ కిరణాలు వెలువరిస్తూనే ఉంటుంది, 5.27 ఏళ్లకు సగానికి తగ్గుతుందే తప్ప స్విచ్చి నొక్కితే ఆరిపోయేది కాదు. మూలకం తిరిగి గూటిలోకి వెళ్లక ఇరుక్కుపోతే, లోపలికి వెళ్లి రోగిని బయటికి తెచ్చే ఆ నిమిషాల్లోనే టెక్నాలజిస్టుకు ఏళ్ల మోతాదు తగలవచ్చు.

ఇరిడియం-192 తో చేసే బ్రాకీథెరపీ, అంటే మూలకాన్ని కణితి దగ్గరికే చేర్చే చికిత్స, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు తప్పనిసరి భాగం కాబట్టి జిల్లా కేంద్రాల్లో దీని అవసరం ఎక్కువ. కొత్త మూలకం దాదాపు 10 క్యూరీల రేడియోధార్మికతతో వస్తుంది. దానికి మీటరు దూరంలో రక్షణ లేకుండా నిలబడితే గంటకు సుమారు 40 మిల్లీసీవర్ట్‌లు, అంటే ఏడాది హద్దు అరగంటలో పూర్తవుతుంది. మామూలు రోజుల్లో ఆ గదిలో సిబ్బందికి సోకేది దాదాపు సున్నా. ఇటువంటి చోట సగటు మోతాదు భద్రతను గురించి చెప్పేది చాలా తక్కువ. ఏడాదంతా సున్నా, ఒక్క రోజు మాత్రం పెద్ద అంకె అన్నది ఇక్కడి స్వభావం కాబట్టి, బ్యాడ్జి కన్నా గదిలోని అలారం, చేతి మీటరు, అత్యవసర సాధనకే విలువ ఎక్కువ.

అయోడిన్-131 వార్డులో లెక్క తిరగబడుతుంది. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఈ మందు మింగిన రోగే కొన్ని రోజుల పాటు నడిచే రేడియేషన్ మూలం. 100 మిల్లీక్యూరీలు తీసుకున్న రోగికి మీటరు దూరంలో గంటకు దాదాపు 0.2 మిల్లీసీవర్ట్ ఉంటుంది. భోజనం అందించే, పక్క దుప్పట్లు మార్చే, మరుగుదొడ్డి కడిగే మనిషికి మోతాదు చుక్కచుక్కగా పోగవుతుంది. ఆ మనిషి చాలా చోట్ల కాంట్రాక్టు కార్మికురాలు. పైగా అయోడిన్ ఆవిరై గాలిలో కలిసి, ఊపిరితో లోపలికి పోయి థైరాయిడ్ గ్రంథిలో చేరగలదు. ఛాతీ మీది బ్యాడ్జికి లోపల చేరినదాన్ని విడిగా గుర్తించే శక్తి లేదు. అందుకు మెడ దగ్గర ప్రత్యేక పరికరంతో కొలవడం వంటి వేరే పద్ధతి కావాలి.

కాలేయ క్యాన్సర్‌కు రక్తనాళం గుండా మందు పంపే ప్రక్రియలు మరో తీరు. అక్కడ వైద్యుడు ఎక్స్ కిరణాల మధ్య నిలబడే పనిచేస్తాడు. సీసపు ఏప్రాన్ ఛాతీని కాపాడుతుంది కాబట్టి, దాని కింద ఉన్న బ్యాడ్జి తక్కువ అంకె చూపుతుంది. కళ్లు, వేళ్లు మాత్రం బయటే ఉంటాయి. ఏప్రాన్ కింద ఒకటి, మెడపట్టీ మీద ఒకటి ధరించాలన్న ఐసీఆర్‌పీ సూచన ఇందుకోసమే. ఇదే ఏప్రాన్‌ను అయోడిన్ వార్డులో ధరిస్తే గామా కిరణాల శక్తి ముందు అది దాదాపు నిలవదు. బరువు వల్ల పని నెమ్మదించి మోతాదు పెరిగినా ఆశ్చర్యం లేదు. ఒకే ఆసుపత్రిలో ఒక గదికి రక్షణ అయినది మరో గదికి భ్రమ కావచ్చునన్న సంగతి శిక్షణలో సరిగా చేరడం లేదు.

అధికారి ఒక్కడే అయినప్పుడు

పెద్ద నగరాల సంస్థల్లో ఫిజిసిస్టులు పలువురు ఉంటారు. చికిత్సా ప్రణాళికలు ఒకరు చూస్తే, భద్రత మరొకరు చూడగలరు. చిన్న కేంద్రంలో రోగి మోతాదు లెక్కలు, యంత్రం తనిఖీ, బ్యాడ్జిల లెక్క, అనుమతి పత్రాలు అన్నీ ఒకే వ్యక్తి మీద పడతాయి. ఆ వ్యక్తి జీతం ఇచ్చేది యాజమాన్యమే కాగా, ఆ యాజమాన్యపు లోపాన్ని నియంత్రణ మండలికి తెలపవలసినవాడు కూడా అతడే. ఇది వరంగల్‌కు ప్రత్యేకమైన సమస్య కాదు. కానీ రేడియేషన్ వైద్యం రాజధాని నుంచి జిల్లాలకు పాకుతున్న కొద్దీ ఇటువంటి ఒంటరి అధికారుల సంఖ్య పెరుగుతుంది.

బ్యాడ్జి క్రమశిక్షణ కూడా ఇక్కడే దెబ్బతింటుంది. అధిక మోతాదు నమోదైన కేసులను విచారించినప్పుడు, బ్యాడ్జిని చికిత్సా గదిలో మరిచిపోవడం వంటి కారణాలతో మనిషికి నిజంగా సోకని మోతాదు నమోదైనట్లు తేలే సందర్భాలు ఉంటాయి. దీన్ని చూసి నియంత్రకులు ఊరట చెందడం సహజం. అయితే గదిలో మరిచిన బ్యాడ్జి అధికంగా చూపినప్పుడు విచారణ జరుగుతుంది, సొరుగులో మరిచిన బ్యాడ్జి సున్నా చూపినప్పుడు ఏ విచారణా ఉండదు. నమోదైన సున్నాల్లో నిజమైన సున్నాలు ఎన్నో చెప్పగల సాధనం ఈ వ్యవస్థలో లేదు.

ఇంకా తేలనివి

కంటి కటకం విషయంలో 2011 ఒక మలుపు. శుక్లాలకు కారణమయ్యే మోతాదు మునుపు అనుకున్నదాని కన్నా చాలా తక్కువ, దాదాపు 0.5 గ్రే (శరీరం గ్రహించిన శక్తిని చెప్పే ప్రమాణం) మాత్రమేనని గుర్తించిన ఐసీఆర్‌పీ, ఏడాదికి 150గా ఉన్న హద్దును ఐదేళ్ల సగటున 20 మిల్లీసీవర్ట్‌లకు దించాలని ఆ ఏడాది ఏప్రిల్‌లో సూచించింది. అదే ఏడాది ఏఈఆర్‌బీ వెలువరించిన ఆదేశంలో మాత్రం కంటికి 150 అనే అంకె ఉంది. హద్దును దించడం కాగితం మీద సులువు. కంటి దగ్గర కొలిచే ప్రత్యేక డోసీమీటర్లు లేకుండా దాన్ని పాటించారో లేదో చెప్పడం కష్టం. ఛాతీ కొలత నుంచి కంటి మోతాదును ఊహించవచ్చునా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. నిలబడే చోటు, తల వంచే కోణం, పైనుంచి వేలాడే సీసపు అద్దం ఉన్నదీ లేనిదీ ఆ లెక్కను తారుమారు చేస్తాయి.

గర్భిణుల నియమం 'తెలియజేసిన' నాటి నుంచి అమలవుతుంది. ఏడాది ఒప్పందం మీద పనిచేసే నర్సుకు ఆ విషయం తెలియజేయడమంటే ఉద్యోగాన్ని పణంగా పెట్టడం కావచ్చు. పిండానికి రేడియేషన్ హాని ఎక్కువగా ఉండే తొలి వారాలు మౌనంలోనే గడిచిపోతే, 1 మిల్లీసీవర్ట్ అన్న అంకె ఎంత కఠినమైనదైనా ప్రయోజనం ఉండదు. ఈ చిక్కును డోసీమీటరు తీర్చలేదు. ఉద్యోగ భద్రతకు సంబంధించిన నిబంధన తీర్చాలి. అయినా రేడియేషన్ నిబంధనలు రాసేవారు దాన్ని తమ పరిధిలోనిదిగా భావించడం లేదు.

కొత్త మందులు పాత కొలతలను మరింత ఇరుకున పెడుతున్నాయి. లుటీషియం-177 బీటాతో పాటు కొద్దిపాటి గామాను కూడా వెలువరిస్తుంది కాబట్టి బ్యాడ్జికి కొంతైనా కనిపిస్తుంది. సిరంజి పట్టుకున్న వేళ్లకు తగిలేది మాత్రం ఉంగరపు డోసీమీటరు ధరిస్తే గానీ తెలియదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో వాడకం పెరుగుతున్న ఆక్టీనియం-225 ప్రధానంగా వెలువరించేది ఆల్ఫా కణాలను. అవి కాగితం దాటలేవు, బ్యాడ్జి బిళ్లనూ చేరలేవు. కానీ చిందిన బొట్టు ఆరి ధూళితో ఊపిరిలోకి పోతే, దగ్గరి కణజాలానికి గామా కన్నా ఎన్నో రెట్లు హాని చేస్తాయి. దాన్ని పట్టుకోవాలంటే బల్ల మీద తుడుపు పరీక్ష, గాలి నమూనా, ఉద్యోగి మూత్ర పరీక్ష కావాలి. ఆక్టీనియం అర్ధాయువు సుమారు పది రోజులు, బ్యాడ్జి ప్రయోగశాలకు వెళ్లేది మూడు నెలలకు.